ఉస్పెన్‌స్కీ సువార్తలు: 835లో రాసిన ఒక చిన్న గ్రీకు పుస్తకం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ పుస్తకం?

మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలు నాలుగూ ఉన్న గ్రీకు రాతప్రతి. ఇప్పుడు రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. అక్కడ దాని గుర్తు గ్రీకు 219. కొత్త నిబంధన రాతప్రతులను పరిశీలించేవాళ్ళు మాత్రం 461 అంటారు. పార్చ్‌మెంటు, అంటే శుభ్రం చేసి సాగదీసి ఆరబెట్టిన తోలు మీద రాశారు. మొత్తం 344 ఆకులు. ఒక్కో ఆకు ఎత్తు 16.7 సెంటీమీటర్లు, వెడల్పు 10.7. అరచేతిలో పట్టేస్తుంది. పేరు విని పెద్ద పీఠం మీద పెట్టి చదివే బరువైన గ్రంథాన్ని ఊహించుకున్నవాళ్ళకు ఈ కొలతలు చెబితే కాస్త నిరాశపడతారు.

ఇంతకంటే పాత సువార్తలు ఉన్నాయి కదా, దీని ప్రత్యేకత ఏమిటి?

ఉన్నాయి. సినైటికస్, వాటికానస్ అనే గ్రీకు బైబిలు రాతప్రతులు రెండూ 4వ శతాబ్దానివి, అంటే దీనికంటే దాదాపు 500 ఏళ్ళు పెద్దవి. బొమ్మలు, బంగారం విషయంలో కూడా దీన్ని మించినవి బైజాంటియంలో, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యంలో, ఎన్నో తయారయ్యాయి. మరి దీని గురించి ఎందుకింత మాట్లాడతారంటే, రాసినవాడు చివర్లో తేదీ వేశాడు. గొలుసుకట్టులా అక్షరాలు కలిపి రాసే చిన్న లిపిలో, తేదీతో సహా మనకు దక్కిన మొట్టమొదటి గ్రీకు పుస్తకం ఇదే. ఆ లిపిలో తేదీ లేని పాత ప్రతి ఏది దొరికినా, పండితులు ముందు దీని పక్కన పెట్టి చూస్తారు. బంగారం నాణ్యం చూడ్డానికి కంసాలికి గీటురాయి ఎలాగో, 9వ శతాబ్దపు రాత వయసు చెప్పేవాళ్ళకు ఈ పుస్తకం అలాగ.

తేదీ ఎలా వేశాడు? అది 835 అని మనకెలా తెలుసు?

చివరి మాటల సారాంశం ఇది: దేవుని దయవల్ల ఈ పవిత్రమైన, ప్రాణమిచ్చే పుస్తకం మే నెల 7న, 13వ ఇండిక్షన్‌లో, లోకం పుట్టిన 6343వ ఏట పూర్తయింది. చదివేవాళ్ళందరూ దీన్ని రాసిన పాపి సన్యాసి నికొలాస్‌ను తలచుకోండి.

ఇక్కడ ఎక్కడా 835 లేదు, లెక్క మనమే కట్టుకోవాలి. బైజాంటియం వాళ్ళు సంవత్సరాలను క్రీస్తు పుట్టుక నుంచి కాక సృష్టి మొదలు నుంచి లెక్కపెట్టేవాళ్ళు. వాళ్ళకు కొత్త ఏడాది సెప్టెంబరు 1న మొదలయ్యేది. కాబట్టి జనవరి నుంచి ఆగస్టు మధ్య తేదీ అయితే 5508 తీసెయ్యాలి, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య అయితే 5509. ఇది మే నెల. 6343లోంచి 5508 తీస్తే 835.

అంకె రాయడంలో పొరపాటు జరిగి ఉంటే? అందుకే పక్కన ఇండిక్షన్ వేసేవాళ్ళు. ఇది రోమన్ల కాలంలో పన్నుల కోసం పుట్టిన 15 ఏళ్ళ చక్రం. ఒకటి నుంచి పదిహేను దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి వస్తుంది. మన ప్రభవాది అరవై సంవత్సరాలను చిన్నగా కత్తిరిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. తాతగారు ప్లవ నామ సంవత్సరంలో పుట్టారంటే అది 1901లోనా 1961లోనా అని మనం వేరే ఆధారం వెతుక్కుంటాం. ఇండిక్షన్‌తోనూ అదే చిక్కు, అది ఒక్కటే ఉంటే చాలదు. లోకసంవత్సరం కూడా పక్కనుంటే మాత్రం రెండూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. మీరే చెయ్యొచ్చు: 6343ని 15తో భాగించండి. 15 సార్లు 422 అంటే 6330, శేషం 13. నికొలాస్ వేసిన ఇండిక్షన్ కూడా 13. వెయ్యేళ్ళు దాటిన లెక్క కాగితం మీద ఇలా కలిసినప్పుడు కలిగే తృప్తి వేరు.

ఈ నికొలాస్ ఎవరు?

కాన్‌స్టాంటినోపుల్‌లోని స్టూడియోస్ మఠానికి చెందిన సన్యాసి అని, తర్వాత ఆ మఠానికే అధిపతి అయిన నికొలాస్ ఇతనే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పుస్తకం తనంతట తాను మఠం పేరు చెప్పదు. కానీ చివర్లో ప్లాటో, థియోడోర్ లాంటి ఆ మఠపు పెద్దల మరణాల గురించి రాసిపెట్టి ఉంది. ఇంటి పెద్దల తద్దినం తేదీలు పుస్తకం అట్ట వెనక రాసుకునే అలవాటు మనకూ ఉంది కదా. ఆ రాతను చూసి ఇది ఎవరింటిదో చెప్పొచ్చు.

ఆ కాలం వాళ్ళకు మంచిది కాదు. బొమ్మలను పూజించకూడదని చక్రవర్తులు పట్టుబట్టిన రోజులవి. 815లో ఆ నిషేధం రెండోసారి వచ్చింది, 843 దాకా పోలేదు. 835లో సింహాసనం మీదున్న థియోఫిలోస్ కూడా ఆ పక్షమే. స్టూడియోస్ మఠం వాళ్ళు బొమ్మల పక్షాన నిలబడి చెరసాలలకూ ప్రవాసానికీ వెళ్ళారు. మఠాధిపతి థియోడోర్ 826లో ప్రవాసంలోనే చనిపోయాడు. ఆయన వెంట ఉండి ఆ కష్టాలు పడ్డ శిష్యుడి పేరూ నికొలాసే. ఆ శిష్యుడి జీవిత చరిత్ర రాసినవాళ్ళు అతని చేతివాటాన్ని బైబిల్లోని అశాహేలు పరుగుతో పోల్చారు, అంత వేగంగా రాసేవాడట. ఈ ప్రతి రాజధానిలోనే రాశారా, ప్రవాసంలో ఎక్కడో కూర్చుని రాశారా అన్నది అందుకే చర్చకు వస్తుంది. మోసుకుపోవడానికి వీలైన ఆ చిన్న సైజు చూస్తే నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది. అయితే సైజు ఒక్కటే రుజువు కాదు.

మఠంలో రాతపని ఎలా నడిచేది?

చాలా కట్టుదిట్టంగా. థియోడోర్ పేరు మీద కొన్ని శిక్షల పట్టికలు మిగిలాయి, వాటిలో లేఖకులకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. కోపంతో కలం విరగ్గొడితే 30 సాష్టాంగాలు. అవసరానికి మించి జిగురు కలిపి, అది నిలవుండి పాడైతే 50. ఇంకొకరి ఆకుల కట్టను అడక్కుండా తీసుకున్నా 50. ముందున్న మూలప్రతినీ తన ప్రతినీ శుభ్రంగా పెట్టుకోకపోయినా, అక్షరదోషాలు, స్వరాల గుర్తులు, విరామ చిహ్నాలు పట్టించుకోకపోయినా 130.

అంకెలు చూడండి. కలం విరిస్తే పడే శిక్ష కన్నా అక్షరదోషానికి నాలుగింతలకు పైగా ఎక్కువ. జిగురు మీద కూడా నిబంధన ఉందంటే, ఎవరో ఒకరు గిన్నెడు జిగురు కాచి వదిలేసి అది కంపుకొట్టాకే ఈ నియమం పుట్టి ఉంటుంది.

మినస్క్యూల్ అంటే ఏమిటి? ముందు ఎలా రాసేవారు?

ముందు గ్రీకు పుస్తకాలన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉండేవి. ప్రతి అక్షరం దేనికది విడిగా, శాసనం మీద చెక్కినట్టు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. దాన్ని మెజస్క్యూల్ అంటారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. అయితే కలం ప్రతి అక్షరానికీ పైకి లేవాలి, తోలేమో ఎంతున్నా చాలదు.

కచేరీల్లో గుమాస్తాలు మాత్రం ఎప్పటినుంచో గబగబా అక్షరాలు కలిపి రాసేవాళ్ళు. మన పాత కరణాల గొలుసుకట్టు దస్తావేజులు చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పత్రాలకు పనికొచ్చే ఆ రాత పవిత్ర గ్రంథానికి తగదని అనుకునేవాళ్ళు. 8, 9 శతాబ్దాల సంధికాలంలో ఆ కలగలుపు రాతకు ఒక పొందిక తెచ్చి, పుస్తకాల్లోకి ఎక్కించారు. అదే మినస్క్యూల్. వేగం పెరిగింది, అక్షరం చిన్నదైంది, అదే తోలు మీద ఎక్కువ పాఠం పట్టింది. ఒకప్పుడు దీనికి స్టూడియోస్ మఠమే పుట్టిల్లు అని గట్టిగా చెప్పేవారు, ఇప్పుడు అంత గట్టిగా ఎవరూ చెప్పరు. వాళ్ళు ఇందులో చేయి తిరిగినవాళ్ళు అనడంలో మాత్రం అనుమానం లేదు. తన మేనమామ ప్లాటో చనిపోయినప్పుడు చేసిన ప్రసంగంలో థియోడోర్ ఆయన కలిపిరాతను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఈ మార్పు సువార్తలకే కాదు, గ్రీకు సాహిత్యం మొత్తానికీ తగిలింది. తర్వాతి తరాల్లో పాత పెద్దక్షరాల ప్రతులను వరసగా కొత్త లిపిలోకి ఎత్తిరాశారు. ఎవరూ ఎత్తిరాయని పుస్తకాలు చాలావరకు పోయాయి. మన తాళపత్రాల్లో ప్రతి తీయించే దాత దొరికిన కావ్యం బతికింది, దొరకనిది చెదలపాలైంది. అక్కడా అదే కథ.

తేదీ లేని ప్రతుల వయసు కట్టడానికి ఇది ఎలా సాయపడుతుంది?

ఒక చిన్న ఉదాహరణ. లేఖకుడు ముందుగా తోలు మీద మొనదేలిన పరికరంతో సిరా లేకుండా గీతలు నొక్కేవాడు. తొలినాటి మినస్క్యూల్‌లో అక్షరాలు ఆ గీత మీద కూర్చుంటాయి, మనం రూళ్ళ పుస్తకంలో రాసినట్టే. 10వ శతాబ్దంలో అలవాటు మారి, అక్షరాలు గీతకు కింద వేలాడటం మొదలుపెట్టాయి, హిందీ అక్షరాలు తలకట్టుకు వేలాడినట్టు. ఇంకో సంగతి: తొలినాటి లేఖకులు చిన్న రూపాలనే అంటిపెట్టుకున్నారు. కాలం గడిచేకొద్దీ పాత పెద్దక్షరాల రూపాలు మధ్యమధ్యలో మళ్ళీ చొరబడ్డాయి. ఇలాంటివి పది గమనించి కలిపి చూస్తే వయసు ఒక యాభై, వందేళ్ళ లోపుకు వస్తుంది. ఎక్కడో ఒకచోట తేదీ తెలిసిన ప్రతి లేకపోతే ఈ కొలత మొదలెట్టడానికే వీలుండదు.

ఎంత రాయాల్సి వచ్చిందో ఊహించగలమా?

ఊహ అక్కర్లేదు, లెక్కే ఉంది. 344 ఆకులంటే 688 పేజీలు. పేజీకి 19 వరసలు, ఒకే నిలువు. అంటే 13,000 వరసలు పైచిలుకు. నాలుగు సువార్తల్లో కలిపి దాదాపు 64,000 గ్రీకు మాటలు. వరసకు అయిదు మాటలైనా పూర్తిగా పట్టలేదన్నమాట. వరస వెడల్పు ఆరు సెంటీమీటర్ల చిల్లర కాబట్టి అదీ సబబే.

ఆకుల అమరికలో ఒక ముచ్చట ఉంది. తోలుకు వెంట్రుకలున్న వైపు పచ్చగా, గరుగ్గా ఉంటుంది. మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. పుస్తకం తెరిస్తే ఎదురెదురు పేజీలు ఒకే రంగులో కనబడేలా వెంట్రుకల వైపుకు వెంట్రుకల వైపును, మాంసం వైపుకు మాంసం వైపును పెట్టి మడిచేవారు. దీన్ని గమనించి చెప్పినవాడు కాస్పర్ రెనే గ్రెగరీ, అందుకే గ్రెగరీ నియమం అంటారు. 461 అనే వరస సంఖ్య వెనకున్నదీ ఆయన పద్ధతే. పాపైరస్ ముక్కలకు ఒక గుర్తు, పెద్దక్షరాల ప్రతులకు ముందు సున్నా, మినస్క్యూళ్ళకు ఉత్త అంకె. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో ఆ జాబితాను ఇప్పటికీ నడుపుతున్నారు. మినస్క్యూళ్ళే దాదాపు 2,900.

యోహాను 3:16 ఏ పేజీలో ఉందో ఎలా వెతకాలి?

అధ్యాయం, వచనం అంకెలు పట్టుకుని వెతికితే దొరకదు. ఇప్పటి అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో లాటిన్ బైబిల్ కోసం వచ్చింది. కొత్త నిబంధనకు మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అచ్చుప్రతితో మొదలయ్యాయి. బైజాంటియంలో వేరే ఏర్పాట్లుండేవి. వాటిలో అందమైనది 4వ శతాబ్దపు యూసీబియస్ పద్ధతి. నాలుగు సువార్తలనూ 1,162 ముక్కలుగా విడగొట్టి, ఏ సంఘటన ఏయే సువార్తల్లో ఉందో పది పట్టికల్లో చూపించాడు. ఇప్పటి బైబిళ్ళ అంచుల్లో కనిపించే పోలిక వచనాలకు ముత్తాత అది.

రాతప్రతులన్నిట్లో పాఠం ఒకటేనా?

కాదు. చాలా తేడాలు చెవి వల్ల వచ్చినవి. గ్రీకులో రాతకు వేర్వేరుగా ఉన్న అయిదారు అచ్చుల ఉచ్చారణ కాలక్రమంలో ఒకే ‘ఈ’గా మారిపోయింది. మేము, మీరు అనే మాటలు రెండూ ‘ఇమీస్’ అయిపోయాయి. ప్రతి తీసేటప్పుడు ఒకదాని చోట ఇంకొకటి పడటం ఎంత తేలికో చూడండి. శ, ష, స ఎక్కడ ఏది రాయాలో తడబడే మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

కొన్ని తేడాలు పెద్దవి. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ మన బైబిళ్ళలో యోహాను 8వ అధ్యాయం మొదట్లో ఉంటుంది. సినైటికస్, వాటికానస్‌లలో ఆ కథే లేదు. 13వ నంబరు మినస్క్యూల్, దాని బంధువులైన కొన్ని ప్రతుల్లో కథ ఉంది గానీ యోహానులో కాదు, లూకా 21వ అధ్యాయం చివర! ఇష్టమైన కథ, వదల్లేరు, ఎక్కడ పెట్టాలో కుదరలేదు.

మరి 461లోని పాఠం ఎంత విలువైనది?

ఉన్నమాట చెప్పాలంటే, మొదటి శతాబ్దంలో ఏం రాశారో తేల్చే పనిలో దీన్ని పెద్దగా పిలవరు. ఇందులో ఉన్నది బైజాంటియం పాఠం, అంటే ఆ సామ్రాజ్యంలో అంతటా చదివినదే, వేలాది ప్రతుల్లో కనబడేదే. ఆ పాఠం 9వ శతాబ్దానికే ఎలా కుదురుకుందో చూడాలంటే మాత్రం తేదీ ఉన్న ఇంత మంచి సాక్షి ఇంకొకటి దొరకడం కష్టం.

తెలుగు బైబిల్‌కూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. సీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చయిన 1818 నాటికి ఈ పుస్తకం ఇంకా యెరూషలేము దగ్గరి ఎడారి మఠంలోనే ఉంది. అయితే దీని చిన్న తమ్ముళ్ళకు దూరపు చుట్టరికం ఉంది. 1516లో పండితుడు ఎరాస్మస్ స్విట్జర్లాండులోని బాసెల్‌లో అచ్చు వేయించిన గ్రీకు కొత్త నిబంధనకు ఆధారం అక్కడ చేతికందిన కొన్ని మినస్క్యూళ్ళే. సువార్తల కోసం 12వ శతాబ్దపు ప్రతి ఒకటి నేరుగా అచ్చు పనివాళ్ళ చేతికే ఇచ్చాడు, వాళ్ళు పెట్టిన గుర్తులు దాని మీద ఇంకా ఉన్నాయి. ఆ అచ్చు వంశమే తర్వాత మూడు శతాబ్దాలు అనువాదకులకు దారి చూపింది.

ఉస్పెన్‌స్కీ ఎవరు? ఆయన చేతికి ఎలా వచ్చింది?

పోర్ఫిరీ ఉస్పెన్‌స్కీ (1804–1885) రష్యన్ మతాచార్యుడు, రాతప్రతుల వేటగాడు. తూర్పు దేశాల మఠాలన్నీ తిరిగాడు. 1844లో యెరూషలేము దగ్గరి ఆ ఎడారి మఠం, మార్ సాబా నుంచి దీన్ని తీసుకెళ్ళాడు. మరుసటి ఏడాదే సీనాయి కొండ మఠంలో సినైటికస్‌ను కూడా చూశాడు. ఆయన సేకరణను 1883లో పీటర్స్‌బర్గ్ గ్రంథాలయం కొంది.

‘తీసుకెళ్ళాడు’ అన్న మాట దగ్గర చదివేవాళ్ళు ఆగుతారు, ఆగాలి కూడా. ఆ శతాబ్దంలో యూరప్ పండితులు మఠాల నుంచి పుస్తకాలను ఇలాగే తరలించారు. ఉస్పెన్‌స్కీ సంచిలో పూర్తి పుస్తకాలతో పాటు విడి ఆకులు కూడా చేరాయి. ఆయన వల్లే ఇవి భద్రంగా ఉన్నాయి అనేవాళ్ళున్నారు. వెయ్యేళ్ళు కాపాడిన సన్యాసుల పేరు కాకుండా పట్టుకెళ్ళినాయన పేరు పుస్తకానికి స్థిరపడటం నాకు మాత్రం మింగుడుపడదు. నికొలాస్ సువార్తలు అని ఉంటే ఎంత బావుండేది!

ఇది నకిలీ కాదని ఎలా నమ్మడం?

మంచి ప్రశ్న, ఎందుకంటే మోసపోయిన సందర్భాలున్నాయి. షికాగో విశ్వవిద్యాలయంలో 2427 అనే మార్కు సువార్త ఉంది, జేబులో పట్టేంత చిన్నది, రంగుల బొమ్మలతో ముద్దుగా ఉంటుంది. మధ్యయుగానిదని అనుకున్నారు. పాఠం మాత్రం వింతగా 4వ శతాబ్దపు వాటికానస్‌కు దగ్గరగా ఉండటంతో పండితులు అపురూపంగా చూశారు. గ్రీకు కొత్త నిబంధన ప్రామాణిక ముద్రణలోనూ దాన్ని ఉదహరించారు.

తర్వాత కథ మారింది. బొమ్మల్లో 18వ శతాబ్దానికి ముందు లేని ప్రష్యన్ నీలం బయటపడింది. పేజీల ఫొటోలు అందరికీ అందుబాటులోకి వచ్చాక, స్టీఫెన్ కార్ల్‌సన్ ఆ పాఠం ఎక్కణ్ణుంచి ఎత్తిరాశారో పట్టేశాడు: 1860లో ఫిలిప్ బుట్‌మన్ అచ్చు వేసిన గ్రీకు కొత్త నిబంధన. మూలం చూస్తూ రాసినవాడు కొన్నిచోట్ల అచ్చుపుస్తకంలోని వరసకు వరసే ఎగరగొట్టాడు. పోయిన మాటలు సరిగ్గా ఆ ముద్రణలోని వరసలతో సరిపోయాయి. తోలు 16వ శతాబ్దం ప్రాంతానిది. తెల్లరంగు 1874 తర్వాత గానీ దొరకనిది. 2009లో విశ్వవిద్యాలయమే అది నకిలీ అని ప్రకటించింది.

461లో ఇలాంటి ఆకర్షణలేవీ లేవు. పాఠం అందరి దగ్గరా ఉన్నదే. చివరి తేదీలో లోకసంవత్సరం, ఇండిక్షన్ కలుస్తున్నాయి. రాత తీరు దాని కాలానికి సరిపోతోంది.

నాకు గ్రీకు రాదు. ఫొటో దొరికితే ఏమైనా పోల్చుకోగలనా?

కొంచెం పోల్చుకోగలరు. ముందు, కొన్ని పొట్టి మాటల నెత్తిన అడ్డగీత ఉంటుంది, వాటిని వెతకండి. దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు లాంటి పవిత్రమైన మాటలను పూర్తిగా రాయకుండా మొదటి, చివరి అక్షరాలు వేసి పైన గీత గీసేవారు. రెండే అక్షరాలుండి మొదటిది నిలువు గీత అయితే అది యేసు పేరు. తర్వాత బీటా అక్షరం చూడండి. బడిలో లెక్కల పుస్తకంలో చూసిన బీటాలా ఉండదు, ఇంగ్లీషు చిన్న ‘యు’లా ఉంటుంది. కప్పా కూడా దాదాపు అలాగే ఉండటంతో మొదట్లో రెండూ తికమక పెడతాయి. ఈటా ఇంగ్లీషు చిన్న ‘హెచ్’లా కనబడుతుంది. ఈ మూడూ, ఆ అడ్డగీతా పట్టుబడితే మొదటి పూటకు చాలు.